గుర్రం మార్చాలి

బారువ బీచిలో ఆ రాత్రి మూడో పాట మధ్యలో
ఒకటో తీగ తెగి నా చెంప మీద కొట్టింది.
తీగ తప్పు కాదు.
అది కూర్చునే జీను అంచు తుప్పుపట్టి రంపమైపోయింది.
పదకొండేళ్ళ చెమట, ఉప్పుగాలి,
జాతర స్టేజీల మీద తెల్లవారుజాము మంచు,
అన్నీ ఆ బ్రిడ్జి మీదే పద్దు రాసుకున్నాయి.

కొత్తది కొందామంటే
నా గిటారు ఏ కంపెనీ కొలతకీ లొంగదు.
దాని ఒళ్ళు పనస.
బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో, వీణకని ఎండబెట్టిన దుంగ
అడ్డంగా చీలిందని మూల పడేస్తే
తవిటయ్య దాన్ని నాకోసం కోశాడు.
స్కేలుబద్ద చివర అరిగిపోయి ఉందని
అప్పుడు ఇద్దరమూ చూడలేదు.
అంచేత నా ఆరు తీగలు
లోకంలోని ఆరు తీగల కంటే
రవ్వంత ఎడంగా నడుస్తాయి.

శ్రీకాకుళంలో నా అద్దెగదిలో, మంచం మీద పేపరు పరిచి
వాటిని ముందేసుకు కూర్చున్నాను.
విశాఖ నుంచి తెప్పించిన నల్లది:
రెండు స్తంభాల మీద తేలుతుంది,
చెయ్యి పట్టి ఊపితే స్వరం ఊయలెక్కుతుంది.
కానీ వెనక స్ప్రింగుల గొయ్యిని
ఇంకో అంగుళం తవ్వాలి.
కూర్మారావు తన పాత గిటారు నుంచి ఊడదీసిచ్చింది:
ఉచితమే. దాని చిల్లులు ఆరు, నావి అయిదు,
కలిసేవి రెండే.
ఇంకోటుంది గానీ, అది అసలింకా పుట్టలేదు.
బుడితి గున్నయ్య ఫోనులో అన్న మాట, అంతే:
"కొలతియ్యి బాబూ. గంటలు పోసే సేతికి
బెత్తెడు ఇత్తడి ఏపాటి?"

నల్లదాన్ని అరచేతిలో తూస్తూ తెల్లార్చాను.
ఆ ఊపు లేకపోతే నేనెవర్ని?
జనం ఈల వేసేది దానికే.

రాజాం మీదుగా బస్సు.
గిటారుని ఒళ్ళో పెట్టుకుంటే కండక్టరు
"ఇదేటి, కరెంటు వీణా?" అని
దానికీ అర టిక్కెట్టు కొట్టబోయాడు.

తవిటయ్యకి చూపు సన్నగిల్లింది. వేళ్ళతోనే చూశాడు.
తుప్పుదాన్ని తడిమి, నల్లదాన్ని తడిమి,
"గుర్రం మార్సాల" అన్నాడు.
వీణ బ్రిడ్జికి వాళ్ళ పేరు అది.
"ఇది గెంతే గుర్రం. నీ కర్ర ముసిల్ది.
ఇంకా తవ్వితే గొంతు పోతాది."
"మరి ఊపు?" అన్నాను, చిన్నగుంటడిలా.

ఆయన మాటాడలేదు.
గోడకానించిన, మెట్ల మైనం ఇంకా ఆరని వీణ అందుకుని
తీగని పక్కకి లాగాడు.
స్వరం లేచి, పై స్వరాన్ని ముట్టుకుని, ఇంటికొచ్చింది.
మళ్ళీ లాగాడు. ఈసారి ముట్టుకోకుండానే ఆగింది,
గుమ్మం దాకా వచ్చినవాడు
లోపలి మాటలు విని నిలబడిపోయినట్టు.
"ఏలుంది కదా," అన్నాడు.
"ఏలుండగా ఇనపసెయ్యెందుకు?"

పాత గొయ్యిలో ఆయన పనసచెక్కే బిగించాడు.
గున్నయ్యకి అట్టముక్క మీద మిల్లీమీటర్లు రాసిస్తే
దాన్ని తిరగేసి, వరిగింజలు పేర్చి
తన లెక్కలోకి మార్చుకున్నాడు.
ఇరవై రెండు రోజులకి వచ్చింది,
పచ్చగా, బరువుగా, ఒక మూల చిన్న పోతగుంటతో.
పాత అయిదు చిల్లుల్లోనే దిగింది.
ఒక మర మాత్రం మొరాయించింది, సబ్బు రాస్తే సర్దుకుంది.

పన్నెండో మెట్టు దగ్గర శ్రుతి చూస్తే
అయిదు తీగలు నిజం చెప్పాయి.
మూడోది వెంట్రుకవాసి కిందికి.
జీనుని ముందుకి జరిపే మర ఆఖరికొచ్చేసింది.
అరిగిన స్కేలుబద్ద గుర్తొచ్చి నవ్వాను.
ఇక ఆ తీగ మీద ఎప్పుడూ
వేలు కాస్త లాగే ఉంచాలి.

నల్లదాన్ని తిప్పి పంపేశాను.
దాని ఊపుచెయ్యి పొరపాటున నా దగ్గరే ఉండిపోతే
కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా
అడ్డం పెట్టాను.

రేపు పలాసలో ప్రోగ్రాం.
ఈల వేస్తారో లేదో.
ఉంగరపు వేలు ఇప్పటికే బొబ్బెక్కింది.