తోడు

మా కిరాణా కొట్లో దాని పేరు చైనా గడ్డి.
చైనాదీ కాదు, గడ్డీ కాదు.
ఇజు తీరంలో మునకేసే ఆడవాళ్ళు
ఊపిరి బిగబట్టి పెరికిన ఎర్ర నాచు.
లారీలో కొండలెక్కి, సముద్రం ఎరగని చినో ఊరికొచ్చి
పెద్ద బానలో రాత్రంతా ఉడుకుతుంది
కోతలైపోయిన వరిమళ్ళ పక్కన.

కినుయేకి అరవై రెండేళ్ళు.
మొగుడు తొమెజో పోయాక ఇది మొదటి చలికాలం.
ఇవాళ బయట పరచాలా వద్దా
చెప్పాల్సింది తనే.
అల్లుడి ఫోన్ మైనస్ ఆరు అంటోంది.
తొమెజో అయితే గుమ్మం దాటి
రెండుసార్లు గాలి పీల్చి "పరవండి" అనేవాడు.
పదిసార్లలో నాలుగుసార్లు తప్పేవాడు.
అప్పుడు ఆకాశాన్ని తిట్టేవాడు,
అదేదో తన కింద కూలీ అయినట్టు.

కడ్డీలుగా కోసిన ముద్దలు చాపల మీద,
ముట్టుకుంటే దూడ ముట్టెలా తడిగా, వణుకుతూ.
నిజానికవి నీళ్ళే.
నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు నీళ్ళు.
మిగిలిన ఆ ఒక్క పాలూ
నిలబడండర్రా అంటే నిలబడ్డాయి.

కినుయే గాలి పీల్చింది.
కట్టెల పొగ. పక్కింటి ముల్లంగి ఊరగాయ.
ఇంకేమీ తెలియలేదు.
"పరవండి" అంది.

మూడింటికి దక్షిణపు గాలి లేచింది.
తెల్లారేసరికి ఒక్క కడ్డీ బిగియలేదు,
పైగా సన్నటి తుంపర.
కూలీలు ఆమె మొహం చూడకుండా చాపలెత్తారు.
కొండవైపు తిరిగి
తొమెజో తిట్టే అదే తిట్టు
అదే యాసలో తిట్టింది.
ఎవరో నవ్వారు. ముందు ఆమే అనుకుంటా.

మళ్ళీ బాన. మళ్ళీ నిప్పు.

మర్నాడు చలి చెవులు కొరికింది.
దోసిట్లో మంచుపొట్టు తెచ్చి కడ్డీల మీద చల్లింది,
పాలకు తోడు వేసినట్టు.
గడ్డకట్టడం ఎలాగో నీళ్ళకు
మంచే చెప్పాలట, మనుషులు చెబితే వినవట.
రాత్రి బిగుసుకుని, పగలు కరిగి కారి,
మళ్ళీ బిగుసుకుని, మళ్ళీ కారి,
పద్నాలుగో రోజుకి
నీళ్ళన్నీ ఇంకిపోయాక
ఆమె చేతిలో మిగిలింది
ఈకలాంటి తెల్ల కడ్డీ.
కొరికితే ఉప్పూ లేదు, సముద్రమూ లేదు.

ఎక్కడో ఎవరో వేడినీళ్ళలో వేస్తారు దాన్ని.
తనను వదిలి వెళ్ళిన నీళ్ళే కానక్కర్లేదు,
ఏ నీళ్ళయినా నిలబెడుతుంది.

కినుయే దాన్ని చెవి దగ్గర పెట్టి నలిపింది.
చిటపటమంది.
మంచిదే, అనుకుని
బాన కడగడానికి లేచింది.