ఎడమకి అరడుగు

మా ఊరి బంతిగోడకి ఏడు గుంటలుండేవి.
గోడకి అవతల చర్చి, ఇవతల మేం.
పైరెనీస్ వాన గోడంతా కడిగి జారిపోయేది గానీ
గుంటల్లో మాత్రం నీళ్లు కాసేపు ఆగేవి.

పెలోటా అంటే పెద్ద సరంజామా ఏం లేదు.
ఉన్ని చుట్టి మేకతోలు కుట్టిన బంతి,
ఒట్టి అరచెయ్యి, ఒక గోడ.
ఇరవై రెండు ముందు చేరినవాడిది ఆట.
చెయ్యి వాచి రొట్టెలా పొంగితే
నేల మీద పరిచి
తమ్ముణ్ణి ఎక్కి తొక్కమనేవాళ్లం.

గుంటకి తగిలితే బంతి బుద్ధి మారిపోయేది.
తిన్నగా వెళ్లింది కాస్తా ఎడమకి తిరిగేది.
పొరుగూరి వీరులు గాలిని కొట్టి పోయేవాళ్లు.
మేం ముందే ఎడమకి అరడుగు జరిగి ఉండేవాళ్లం.
పదకొండేళ్లు సొంత గోడ దగ్గర ఓడలేదు.
ప్రతిభ అనుకున్నాం.

గుంటలెలా పడ్డాయో ఎవరూ చెప్పలేదు.
మూడోదాన్ని మాత్రం మార్చెలిన్ అనేవాళ్లం.
"మార్చెలిన్‌కి కొట్టరా!"
అది ఒక మనిషి పేరని
పద్నాలుగో ఏట తెలిసింది నాకు.

లెక్క పాడేది బిషెంతె ముసలాయన.
మూలన సివిల్ గార్డు ఉన్నంతసేపూ స్పానిష్‌లో పాడేవాడు.
గార్డు సిగరెట్టు ముట్టించడానికి తల వంచితే
ఆ ఒక్క అంకె మా భాషలో:
హమైకా.
పదకొండు.
లెక్కలేనన్ని అని కూడా అర్థం దానికి.

జనరల్ పోయిన నాలుగో ఏట
సమాఖ్యవాళ్లు టేపు పట్టుకొచ్చారు.
గోడ నున్నగా ఉంటేనే పెద్ద పోటీలన్నారు.
ఊరు రెండు ముక్కలైంది.
పూడిస్తే చంపినవాళ్లకి చెయ్యి అందించినట్టే అన్నారు కొందరు.
అన్నవాళ్లలో సగానికి
ఆ పదకొండేళ్ల గెలుపు మీదే మమకారం.

చివర్లో గచూచా లేచింది. మార్చెలిన్ చెల్లెలు.
ఆడదాన్ని గీత దాటనివ్వని ఆటకి
నలభై ఏళ్లు బంతులు కుట్టిన మనిషి.
"మా అన్న ఆ గోడకి వీపు పెట్టి నిలబడింది ఒక్క పొద్దున.
మొహం పెట్టి నిలబడింది పద్దెనిమిదేళ్లు.
వంకర బంతితో గెలవడం వాడికి గిట్టదు.
పూడ్చండి."

పూడ్చింది నేనే. మేస్త్రీని కదా.
ఆరు గుంటలు మధ్యాహ్నం లోపే అయిపోయాయి.
మూడోదాంట్లో వేలు పెట్టి చూశాను,
రెండో కణుపు దాకా పోయింది.
సున్నం, ఇసుక, నీళ్లు. ఇంకేమీ కలపలేదు.
కలిపానని ఊళ్లో అంటారు.

మరుసటేడు మొదటి పోటీలోనే ఓడాం,
నున్నటి గోడ మీద, నిజాయితీగా.

ఇప్పుడు శనివారాలు పిల్లలకి నేర్పుతున్నాను.
గచూచా మునిమనవరాలు ఓయానా కొడితే
గోడ అవతల ఫాదరీ ప్రసంగం ఆపుకుంటాడు.
గుంటలు చూసినవాళ్లెవరూ లేరు వీళ్లలో.

నిన్న బంతి గోడ నడిమికి తగిలి
తిన్నగా తిరిగొస్తోంది.
ఓయానా పాదం
ఎడమకి అరడుగు జరిగింది.
బంతి ఆమె కుడిపక్కగా వెళ్లిపోయింది.

ఎందుకు జరిగావే అన్నాను.
అక్కడ అలాగే కదా నిలబడాలి, అంది.

నేను నేర్పలేదు. నేర్పలేదనే అనుకుంటాను.
దిద్దాల్సినవాణ్ణి,
అవతలి జట్టుకి లెక్క పాడాను:
హమైకా.