కరపత్రం వెనక వైపు

ముందు వైపంతా మామూలే.
బల్ల లోలాక్షి, స్వతంత్ర అభ్యర్థి, గుర్తు బెలూను.
కాలవ, కుళాయి, వీధిలైటు.
కాశీబుగ్గలో ఏ ప్రెస్సులోనైనా
పేరు మార్చి కొట్టేయొచ్చు.

వెనక వైపు ఖాళీగా వదలొద్దంది.
నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం
కీబోర్డు మీద పెట్టింది.
పైన పెన్సిలుతో, కింద రెండు గీతలు కొట్టి:
విదేశాంగ విధానం.

నవ్వానో లేదో గుర్తులేదు,
ఆమె చూసిన చూపు గుర్తుంది.
"అమ్మా, ఇది మునిసిపాలిటీ ఓటు.
వార్డు దాటితే నీ మాట చెల్లదు" అన్నాను.

"మరి నాను కొట్టిన పిక్క ఏ వార్డుది బావూ?"

గోనెల మీద అచ్చుండేదట: బెనిన్, ఘనా, ఐవరీ కోస్ట్.
పదహారేళ్ళు ఆ గోనెల మీదే కూచుని అన్నం తింది.
ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నదీ వాటి మీదే;
తనంతట తాను చదివిన మొదటి మాట
టాంజానియా.
ఓసారి పిక్కల్లో చెప్పు దొరికింది,
చిన్నపిల్లది, ఎడమకాలిది, నీలం పట్టీ.
మేస్త్రీ పారేయమన్నాడు.
ఇంట్లో ఉంది ఇంకా.

"ఏరినోలూ కొట్టినోలూ ఒక్కసారైనా
ఎదురెదురుగా కూకోవాల.
మద్దెన ఎవులో ధర కట్టేసి
ఆళ్ళది ఆళ్ళకీ, మాది మాకూ
సెప్పకుండా ఉంటే ఎలగ?"
టైపు చేశాను. ఒకటో పాయింటు.

ప్రపంచ వాణిజ్య సంస్థ.
ఒత్తులతో సహా పలికింది.
"ఆ తలుపుకి గొళ్ళెం లోపలుందా, బయటుందా?
ముందల అది సెప్పమను."

ఐక్యరాజ్య సమితి గురించి కాస్త తటపటాయించింది.
"ఐదుగురిలో ఒకలు వద్దంటే
అందరి మాటా ఆగిపోద్దంట, నిజమేనా?
మా కుళాయి కాడ అలాటోల్ని
బిందెతో మొత్తుతాం."
తర్వాత, "అది మాత్రం అచ్చెయ్యకు, బాగోదు."

నాలుగోది చెప్పేముందు
నీళ్ళడిగింది. తాగలేదు.
ఉద్దానంలో కన్నోరి ఊరికి
తెల్ల బళ్ళలో వచ్చారట ఎవరో పెద్ద సంస్థ వాళ్ళు.
నీళ్ళు పట్టారు, రక్తం పట్టారు,
పెరట్లో మట్టి కూడా సంచీలో కట్టుకెళ్ళారు.
"సీసా మీద మా అన్న పేరు రాసినారు.
ఆ సీసా ఇప్పుడు ఏ దేశంల ఉన్నాదో,
దాంట్ల ఏటి తేలిందో, తెలుగులో రాసి పంపమను.
ఆడు రోజూ అడిగీవోడు."
అడిగీవోడు.
ఆ మాట దగ్గర నా వేళ్ళు ఆగాయి,
కరెంటు పోయిందన్నట్టు తెర వైపు చూశాను.

కాగితం నిండిపోయింది.
యుద్ధం గురించి చెప్పాల్సింది ఉండిపోయింది.
అక్షరం సైజు ఎనిమిదికి దింపి అడుగున ఇరికించాను:
యుద్ధమొస్తే ఓడ ఆగుతుంది, ఓడ ఆగితే బట్టీ ఆగుతుంది.
"ఎవరి యుద్ధమైనా?" అన్నాను.
"ఓడకేటి తెలుసు ఎవులిదో."

ప్రచారానికి నా కొట్టుముందు ఓ బెలూను కట్టింది,
స్కెచ్ పెన్నుతో దేశాలన్నీ తన లెక్కలో గీసి.
పలాస, ముడి పక్కన ఓ చుక్క.
మూడోనాటికి గాలి తగ్గి
సముద్రాలు ముడతలు పడ్డాయి,
చుక్క వెళ్ళి ఆఫ్రికాకి ఆనుకుంది.

అరవై మూడు ఓట్లు.
బాకీ మూడొందల యాభై ఇవ్వడానికి వచ్చింది.
లెక్కపెడుతుంటే ఆమె వేలి మీద సిరా కోసం వెతికాను.
జీడినూనెకి కాలి నల్లబడ్డ చేతులు,
గుర్తు ఎక్కడ మొదలైందో తెలీలేదు.

మిగిలిన కరపత్రాలు కట్టగట్టి ఇమ్మంది.
"ఇప్పుడెందుకు?"
"ఖాళీ గోనెల్లో ఒక్కోటి ఏసీస్తాను.
ఎనక్కి ఎల్తాయో ఎల్లవో, ఎల్తే సదూతారు."
"తెలుగులో ఉంటేనా?"

"నాను టాంజానియా సదవలేదా?"