తొంభై రెండు గ్రాములు

తైస్తో వ్యాను ఈ చలికాలంలో షెడ్డుకు రావడం ఇది మూడోసారి.
డాష్‌బోర్డు మీద పసుపు దీపం.
మొహం మీద, నేనేం తప్పు చేశానన్న చూపు.
కిందటి నెల స్టేషను వెనక కుర్రాడెవడో
ల్యాప్‌టాప్ తగిలించి దీపం ఆర్పేసి
యాభై యూరోలు తీసుకున్నాడట.
మసిపూసి మారేడుకాయ.
కాకపోతే ఇక్కడ మసి లోపలుంది.

కాయానీలో ఆ పొద్దున మైనస్ ఇరవై ఆరు.
బోల్టులు నాలుగు. మూడు మాట విన్నాయి.
నాలుగోదాన్ని ఎర్రగా కాల్చాను, తిట్టాను, మళ్ళీ కాల్చాను.
విరిగింది.

ఫిల్టరుని కాటా మీద పెట్టాను
చేపలంగట్లో సాల్మన్‌ని పెట్టినట్టు.
ఏడు కిలోల నూట నలభై.
గోడ మీద సుద్దతో రాసుకున్నాను.

లోపలంతా తేనెపట్టు.
వేల సన్నని సందులు, ప్రతి సందూ ఒక చివర మూసే ఉంటుంది.
లోపలికొచ్చిన పొగకి ముందు దారి లేదు,
పక్క గోడలోంచి ఇంకి పోవాల్సిందే.
గోడ పొగని పోనిస్తుంది, మసిని పట్టుకుంటుంది.
పదకొండేళ్ళుగా ఇదే పని నాది,
అయినా ఈ సంగతి గుర్తొస్తే
చేతిలో రెంచి ఒక్క క్షణం ఆగుతుంది.

"రోజుకి ఎంత దూరం నడుపుతావు?"
"బడికి నాలుగు కిలోమీటర్లు. ఏడుగురు పిల్లలు.
సాయంత్రం మళ్ళీ నాలుగు."
"ఆదివారాలు?"
చేతితొడుగులు విప్పి మడిచాడు,
విప్పి మళ్ళీ మడిచాడు.
ఇదివరకు ఆదివారాలు హెల్మీ ఉండేది.
ఇద్దరూ ఆమె చెల్లెలింటికి, కుయోపియో దాకా,
పోనూ రానూ మూడొందల నలభై.
ఊళ్ళో అందరికీ తెలుసు.
నాకూ తెలుసు. అయినా నోరు జారింది.

రాత్రి ఫిల్టరు కొలిమిలోకి.
గంట గంటకీ కొంచెం కొంచెం వేడి పెంచి ఆరువందల డిగ్రీలు.
తొందరపడితే పింగాణీ పగులుతుంది,
చల్లార్చేటప్పుడైతే మరీను.
మసి కాలిపోతుంది, దానితో పేచీ లేదు.
సగం కాలి, తక్కిన సగానికి వేడి చాలక
కూర్చుండిపోయిన డీజిలే గదా మసంటే.
కాలనిది బూడిద.
అది ఇంజనాయిల్లోంచి వస్తుంది.
ఇనుము అరగకుండా కలిపిన మందులే,
కాపాడినన్నాళ్ళు కాపాడి
ఇక్కడికొచ్చి దారికి అడ్డం పడ్డాయి.
వాటిని తిట్టబుద్ధి కాదు నాకు,
బోల్టుని తిట్టినట్టు.

తెల్లారాక గాజుపెట్టెలో చేతులు దూర్చి
వెనకవైపు నుంచి గాలి కొట్టాను.
పిండిమరలోలా లేచింది, జొన్నపిండి రంగులో.
లైటు పెట్టి చూసి లాభం లేదు,
చివరలు మూసే ఉంటాయి గదా,
గాలిమీటరు ముల్లునే నమ్మాలి.
ముల్లు పచ్చగీత దగ్గరికి వచ్చి నిలబడింది.
కాటా మీద ఏడు కిలోల నలభై ఎనిమిది.
తేడా తొంభై రెండు గ్రాములు.
అందులో మసి ఎంతో బూడిద ఎంతో
కొలిమికే తెలియాలి.

"మళ్ళీ ఈ దీపం వెలుగుతుందా, ఔనే?"
"వెలగదూ మరి! నాలుగు కిలోమీటర్లకి
ఇంజను వేడెక్కేలోపే ఆపేస్తున్నావు.
వారానికోసారి ఐదో నంబరు హైవే ఎక్కించు.
నలభై నిమిషాలు, ఆగకుండా.
తన మసి తనే కాల్చుకుంటుంది."
"ఎక్కడికని పోను?"
"ఎక్కడికైనా. దానికి కావాల్సింది వేడి."
తలూపాడు.
పిల్లల సీటుబెల్టులు ఏడూ లాగి చూసుకుని వెళ్ళిపోయాడు.

ఆదివారం మంచు తోస్తూ
రోడ్డు వైపు చూడకూడదనుకున్నాను.
చూశాను. బండ్లు చాలానే పోయాయి,
దుమ్ములా రేగిన మంచులో ఏది ఎవరిదో.

సోమవారం షెడ్డు తలుపు తీసేసరికి
మెట్టు మీద ఒక జాడీ,
బురదనేలల్లో కాసే పసుపు లక్కాపళ్ళ జామ్.
మూత మీద ఏదో ఆడవాళ్ళ చేతిరాత:
కుయోపియో, ఆగస్టు.

విరిగిన బోల్టు ఖరీదు
బిల్లులో వెయ్యడం మర్చిపోయానని అప్పుడు గుర్తొచ్చింది.