కారణానికి గడి లేదు

సూ ఫాల్స్‌లో మా ఆఫీసుకి కిటికీలు తక్కువ.
బయట మంచు పడుతోందో లేదో
లోపలికొచ్చినవాళ్ళ బూట్లు చూసి తెలుసుకోవాలి.
నైట్ షిఫ్ట్. చెవికి హెడ్‌సెట్, ఎదురుగా తెర.
కార్డు లిమిట్ పెంచమని నాలుగు నొక్కినవాళ్ళంతా
తిన్నగా నా చెవిలోకే వస్తారు.

రాగానే సంజాయిషీ మొదలుపెడతారు.
నేను అడగను, అయినా చెబుతారు.
మైనాట్ నుంచి ఒకాయన
తన ట్రక్కు గేర్‌బాక్సు గురించి పన్నెండు నిమిషాలు చెప్పాడు,
అది చేసే చప్పుడు కూడా
నోటితో చేసి వినిపించాడు.
ఒకావిడది పిల్లి పన్ను.
ఒకడు ఏమీ చెప్పలేదు,
ఊపిరి మాత్రం పెద్దగా తీసుకున్నాడు.

నా తెర మీద ఉన్నవి నాలుగే గడులు:
ఏడాది ఆదాయం, ఇంటద్దె, చేసే పని, కావలసింది ఎంత.
ఎందుకు అనేదానికి గడి లేదు.

ఆర్డిత్ క్వామీ అనే ఆవిడ సంగతి వేరు.
ఎనిమిదేళ్ళుగా మా కార్డే, ఒక్క వాయిదా తప్పలేదు.
"ఖర్చుపెట్టుకోడానికి కాదమ్మా" అంది.
"కొత్త ఇంటాయన నా స్కోరు చూస్తాడట.
రెండువేల లిమిట్‌లో పదిహేడు వందలు వాడేశాను.
లిమిట్ ఐదువేలయితే
ఆ పదిహేడు వందలే కాస్త చిన్నగా కనబడతాయిగా!"

నిజమే.
ముద్ద అదే అయినా
పళ్ళెం పెద్దదైతే తిండిపోతు అనరు.
మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోమంటారు,
ఈవిడ కాళ్ళు ముడుచుకునే పడుకుంది,
చూసేవాళ్ళకి మంచం పొడుగ్గా కనిపిస్తే చాలంటోంది.
అప్పు అక్కర్లేనిదానిలా కనబడాలన్నా
అప్పే అడగాలి.

చెప్పాల్సింది చెప్పాను, కాగితంలో ఉన్నది ఉన్నట్టు:
మీ రికార్డు తిరగేస్తే స్కోరు కొద్దిగా తగ్గవచ్చు,
మీకు సమ్మతమేనా?
"అడిగినందుకేనా?"
అడిగినందుకే.
కాసేపు ఆవిడ ఫ్రిజ్ మోత వినబడింది.
"సరే, కానివ్వు."

తెర మీద చక్రం తిరిగింది.
అది తిరుగుతున్నంతసేపూ
ఎడమచేతి బొటనవేలు పిడికిట్లో బిగించి
బల్లకింద పెట్టుకుంటాను. ఎందుకో తెలీదు.
రెండు వందలు పెంచింది. అడిగింది మూడువేలు.
థాంక్యూ అంది ఆర్డిత్,
నా పర్సులోంచి తీసి ఇచ్చినట్టు.

మూడింటికి విరామం.
వెండింగ్ మెషీన్ వెలుగులో నిలబడి
నా ఫోన్ తీసి అదే నంబరు కొట్టాను.
నాలుగు నొక్కాను.
పదకొండు నిమిషాల పియానో.
"నా పేరు ఎల్డన్, మీకేవిధంగా సాయపడగలను?"
మూడో వరస ఎల్డన్.
నా పేరు చెప్పాను. మార్లిస్ హావ్లండ్.
అద్దం అవతల అతని వీపు నిటారయింది.
వెనక్కి తిరగలేదు. నేనూ పేరుపెట్టి పలకరించలేదు.
మాటలన్నీ రికార్డవుతాయి.

"మీ ఏడాది ఆదాయం, మేడమ్?"
నేను నోరు తెరిచేలోపే అతని వేళ్ళు కదిలాయి.
అంకె అతనికి తెలుసు,
అతని జీతమూ అంతే.

"ఎంత కావాలి?"

పన్నెండు వందలు అని ఆగిపోవచ్చు.
ఆగలేదు.
కారు హీటర్ పోయిందండీ అన్నాను,
అద్దానికి లోపలివైపు మంచు పేరుకుంటోంది,
ఒక చేత్తో గీకుతూ ఒక చేత్తో నడుపుతున్నాను,
నిన్న పదో వీధి మలుపులో
ఎర్రలైటు కనబడనే లేదు...
గీకితే వచ్చే చప్పుడు కూడా చేశాను కాబోలు,
నోటితో.

అతను ఆపలేదు.
టైపు కొట్టే చప్పుడూ లేదు.
గడి లేని మాటలన్నీ విన్నాడు.
"ఒక్క నిమిషం, మేడమ్" అన్నాడు.

అద్దంలోంచి చూశాను.
అతని ఎడమచెయ్యి
మెల్లగా బల్లకిందికి వెళ్ళింది.