అక్కడ ఉన్నదాన్ని మోయకు

బెర్గెన్‌లో వాన కురవడం వార్త కాదు.
శుక్రవారం సాయంత్రం నాలుగింటికి
ఓడల టికెట్ల సర్వర్ కూలబడటం వార్త.

సిండ్రె ల్యాప్‌టాప్‌లో అంతా పచ్చగానే ఉంది.
పరీక్షలు రెండువందల పన్నెండు, అన్నీ పాసు.
కట్టిన మూట, అదే వార్ ఫైలు,
తొంభై నాలుగు మెగాబైట్లు.
"నిన్న ముప్పై ఒకటే కదా" అంది గున్వర్
తడిసిన ఉన్నిటోపీ రేడియేటర్ మీద ఆరేస్తూ.
ఇరవై ఆరేళ్లుగా ఈ ఓడల్ని నడుపుతోంది ఆమె,
చుక్కాని ఒక్కసారీ ముట్టకుండా.

లాగ్ తెరిచాం.
ఎర్రటి వరసల నడుమ ఒక్క వాక్యం:
కనెక్షన్‌ని కనెక్షన్‌గా మార్చలేను.
నేను నవ్వాను. సిండ్రె నవ్వలేదు.
అదే పేరు, అదే ఇంటిపేరు,
అయినా గుమ్మంలో నిలబెట్టి
నువ్వు నువ్వు కాదు పొమ్మంటోంది రేవు.
మా సర్వర్ పేరు జెట్టీ మరి,
ఓడల కంపెనీకి అంతకన్నా ఏం కావాలి.

గున్వర్ కుర్చీ జరుపుకుంది.
"డ్రైవర్ రేవులో ముందే ఉన్నాడు.
నువ్వు మూటలో ఇంకొకణ్ని తెచ్చావు.
ఇద్దరూ కవలలే,
కాకపోతే తల్లులు వేరు."

పామ్ ఫైలులో మూడువందల పదో వరస.
గ్రూపు ఉంది, పేరు ఉంది, వెర్షన్ ఉంది,
స్కోప్ లేదు.
రాయకపోతే మేవెన్ తప్పుపట్టదు.
నోరు విప్పనివాడు అన్నీ మోస్తాడని దాని లెక్క.
కంపైల్ అని తనే అనేసుకుని
ఎత్తి భుజానికి తగిలిస్తుంది.

దాని కిందే ఇంకొకటి.
పరీక్షల కోసం పుట్టించిన ఉత్తుత్తి ప్రయాణికులు.
టెస్ట్ అని ఒక్క మాట రాసుంటే
రిహార్సల్ దగ్గరే దిగిపోయేవాళ్లు.
దిగలేదు. నిజం ఓడ ఎక్కారు,
వెంట తమవాళ్లవి పద్నాలుగు జాడీలు.
జార్ అంటే జాడీయే,
మూత తీస్తే లోపల చీటీ, ఇంకో జాడీ కావాలని.

సిండ్రె మెడ ఎర్రబడింది.
అతని సంచీ నాకు తెలుసు:
రెండు ఛార్జర్లు, మూడు గొడుగులు,
నిరుడు విడిపోయిన మనిషి ఇంటి తాళంచెవి.

గున్వర్ కర్సర్ అక్కడ ఆపి
ప్రొవైడెడ్ అని రాసింది.
"కట్టేటప్పుడు కావాలి, మోసుకుపోనక్కర్లేదు.
అక్కడ ఉంటుంది."
"ఉండకపోతే?"
"పడిపోతాం" అని
టోపీని రెండో వైపుకి తిప్పింది.

ఏడున్నరకి మూట మళ్లీ ముప్పై ఒకటి.
రేవు తలుపు తీసింది.

శనివారం ముగ్గురం కొండమీది క్యాబిన్‌కి బయల్దేరాం.
బాట మొదట్లోనే గున్వర్
సిండ్రె సంచీ విప్పించింది.
పెనం తీసి కారులో పెట్టింది. కెటిల్, రెండు దుప్పట్లు,
గ్యాసు బుడ్డి.
"పొయ్యి ఉంటుంది, కట్టెలు ఉంటాయి."
నాలుగు గంటల ఎక్కుడు. వాన, తర్వాత వడగళ్లు,
తర్వాత రెండూ కలిసి.

పొయ్యి ఉంది.
దుప్పట్లు మడతలు చెదరకుండా ఉన్నాయి.
కట్టెల పెట్టె ఖాళీ.
అడుగున రవ్వంత బెరడు, ఒక అగ్గిపుల్ల.

ముగ్గురం పెట్టెలోకి వంగి చూశాం.
"క్లాసు దొరకలేదు" అన్నాడు సిండ్రె,
లాగ్ చదివే గొంతుతో.
అప్పుడు నవ్వింది గున్వర్, గోడ పట్టుకుని,
కళ్లు తుడుచుకునేంత.
ముందొచ్చినవాళ్లు ఎవరో
కొట్టి పెట్టకుండా వెళ్లిపోయారు.
ఉంటుంది అన్న మాటకి
ఒక గొడ్డలి, రెండు చేతులు
ఉండాలన్న సంగతి
ఇరవై ఆరేళ్లలో ఆమెకీ తట్టలేదట.

తడి దుంగలు, వదులు పిడి.
గంటసేపు పొగ, దగ్గు.
పదింటికి మంట అంటుకుంది.

ఆదివారం దిగేముందు పెట్టె నింపాం,
మూత పడనంతగా.
గోడకి వేలాడే పుస్తకంలో
సిండ్రె రాసిన వరసలు ఇవి:

పొయ్యి, ఉంది.
దుప్పట్లు, ఆరు.
కట్టెలు, ఉన్నాయి, బిర్చ్, ఇంకా కాస్త తడే.
గొడ్డలి పిడి వదులు. వచ్చేవాళ్లు కొత్తది తెండి.
గొడుగు, ఒకటి, తలుపు వెనక.