పంటి డాక్టర్

పన్ను నొస్తుందని ఇస్తారికి చెప్పి వచ్చిన.
రూంల ఎనిమిది మందిమి.
నిజం చెప్తే ఎనిమిది నోళ్లు.

ముహర్రక్‌ల మా లాండ్రీ వెనక సందు,
మందుల దుకాణం మీద రెండో అంతస్తు.
మెట్లెక్కి రెండుసార్లు కిందికి దిగిన.
ఎవరిదో ఏసీ నీళ్లు నెత్తి మీద బొట్టుబొట్టుగ పడుతుంటె
ఇగ తడిసేకంటె నయమని మూడోసారి ఎక్కిన.

మొన్న ఒక తెల్ల తోబు మీద
ఇస్త్రీపెట్టె పెట్టి అట్లనే నిలబడ్డ.
పొగ లేచింది, వాసనొచ్చింది.
చెయ్యి నాదే, లేవలే.
సేటు పదకొండు దినార్లు కోసిండు.
రక్తం తీసి చూసిండ్రు, గుండెకు తీగలు పెట్టి చూసిండ్రు,
అన్నీ మంచిగనే ఉన్నయట.
అన్నీ మంచిగుంటె మరి నేనెందుకు లేను సారూ అన్న.
ఆయన చీటీ మీద ఈ గది నంబరు రాసిచ్చిండు.

లోపల తెల్లకోటు లేదు, సూది లేదు.
ఒక కేరళ మేడం.
కాయితం రుమాళ్ల డబ్బా నా దిక్కు జరిపింది.
చెమట తుడుచుకోమందనుకొని
మెడ తుడుచుకున్న.

ఆమెది కేరళ హిందీ, నాది గల్ఫు హిందీ,
రెండు కుంటికాళ్లు ఒకదాన్నొకటి పట్టుకొని నడిచినయి.

ఇంట్ల ఎట్లున్నరంటె మంచిగున్నరన్న.
పని ఎట్లుందంటె మంచిగుందన్న.
మీరెట్లున్నరంటె
ఆమె కాలర్ చూసిన.
ఎడమ కొసకు ఒక ముడత పోలే,
నీళ్లు చల్లి ఒక్కసారి తిప్పితే పోతది.

గోడకు గడియారం.
నలభై ఐదు నిమిషాలంటె ఇరవై రెండు చొక్కాలు.
పదో చొక్కా దాక నేనేం మాట్లాడలే.
ఆమె తొందరపెట్టలే.

పదకొండో చొక్కా కాడ
"నిద్రల గూడ ఇస్త్రీ చేస్తున్న మేడం,
ఒకటే బట్ట,
దాని అంచు దొరుకుతలేదు" అన్న.

దీన్ని మీ భాషల ఏమంటరని అడిగింది.
హిందీల ఎతికిన.
టెన్షన్ కాదు, బుఖార్ కాదు,
దిమాక్ ఖరాబు అసలే కాదు.

"మనాది."

బర్రె చచ్చిన ఏడు మా పెద్దమ్మ
పొయ్యి ముంగట కూసొని
కట్టె ఎగదొయ్యడం మర్చిపోతె
వాడకట్టంత అన్న మాట.
మందు లేదనే అన్నరు గని
మాట మాత్రం ఉండె.

మేడం తన మలయాళం అక్షరాల్ల రాసుకున్నది,
రాసుకున్నది రాసుకున్నట్టే చదివింది:
"మనది."

దీర్ఘం పోయింది.
నేను దిద్దలే.

తిరిగొచ్చేసరికి ఇస్తారి
టమాట కోస్తున్నడు.
ఏ పన్ను పీకిండ్రురా అన్నడు.
ఇంకా పీకలే, మంగళారం మళ్ల రమ్మన్నరన్న.

కత్తిపీట ఆగింది.
"నాకు గూడ ఒకటి నొస్తుందిరా
రెండేండ్ల సంది."

ఏదని నేను అడగలే.
గది నంబరు చెప్పిన.